గాలి తగ్గిస్తే అదురు తగ్గదు

‘ట్రైలర్ అదురుతోందా? మెకానిక్‌కు డబ్బులు పొయ్యకండి, ఈ ఆరు చిట్కాలు చాలు’ అనే సందేశాన్ని మన హైదరాబాద్ లారీ యజమానుల వాట్సాప్ గ్రూపుల్లో ఎవరో ఒకరు పంపని రోజు లేదు. పంపుతున్నవారిలో ఏళ్ల తరబడి స్టీరింగ్ పట్టినవారు కూడా ఉండటం నాకు ఎక్కువ బాధ కలిగిస్తోంది. చక్రాలన్నిటికీ బ్యాలెన్సింగ్ (చుట్టూ బరువు సమంగా ఉండేలా సీసం ముక్కలు అతికించడం) చేయించడం, టైర్లలో నైట్రోజన్ నింపడం, గాలి ఒత్తిడి పాతిక పీఎస్‌ఐ తగ్గించడం, బండి బరువు మోసే కమాన్ కట్టల్లోంచి (ఉక్కు పట్టీల స్ప్రింగుల్లోంచి) ఒక పట్టీ తీసేయడం, ఇంజిన్ శక్తిని వెనక చక్రాలకు అందించే ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పి గ్రీజు పెట్టి ఎలాగోలా బిగించడం, చక్రం ఎక్కించిన తరువాత వంద కిలోమీటర్లకు నట్లు మళ్లీ బిగించడం: ఇవీ ఆ ఆరు.

నైట్రోజన్ సంగతి ఒక్క మాటలో తేలిపోతుంది. మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. మిగిలిన భాగం మార్చినంత మాత్రాన వంగిన డిస్క్ (టైరు ఎక్కించే ఇనుప చక్రం) నిటారు కాదు.

మొదటి చిట్కా వెనకున్న, అదురుకు కారణం ఎప్పుడూ బ్యాలెన్సింగ్ లోపమేనన్న మాటను మాత్రం కొంచెం ఓపికగా చూడాలి. లారీ టైరు చుట్టుకొలత సుమారు మూడుంబావు మీటర్లు కాబట్టి, గంటకు 60 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు ఐదు చుట్లు తిరుగుతుంది, చక్రంలో లోపముంటే ఆ ఐదు దెబ్బలు చేతికి విడివిడిగా తెలుస్తాయి. హౌసింగ్‌లో (వెనక ఇరుసు పెట్టెలో) గేర్ నిష్పత్తి ఆరు ఉందనుకుంటే, అంటే చక్రం ఒక చుట్టుకు షాఫ్ట్ ఆరు చుట్లు తిరుగుతుందనుకుంటే, అదే వేగంలో సెకనుకు షాఫ్ట్ ముప్పై చుట్లు తిరుగుతుంది. ఆ అదురు దెబ్బలుగా కాకుండా క్యాబిన్ నేల మీద పాదాలకు, సీటు కింద జుమ్మనే మోతగా వస్తుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద రద్దీ లేని చోట, చదునైన భాగంలో, అదురు వచ్చే వేగానికి చేరి క్లచ్ నొక్కి ఇంజిన్‌ను ఐడిల్‌కు రానివ్వండి. అదురు ఆగిపోతే ఇంజిన్, దాని మౌంటింగులు, క్లచ్ చూడాలి. కొనసాగితే చక్రాలు, షాఫ్ట్ చూడాలి. ట్రైలర్ విప్పి, దాన్ని లాగే ముందు బండిని ఒక్కదాన్నే నడిపితే లోపం ఏ భాగంలో ఉందో మరింత తేలుతుంది. ఇక టైరు డిస్క్ మీద సరిగా కూర్చోకపోతే ఎంత బ్యాలెన్స్ చేసినా ఎగురుతూనే ఉంటుంది. డిస్క్ అంచుకు దగ్గరగా టైరు మీద చుట్టూ ఒక సన్నని గీత ఉంటుంది. ఆ గీతకూ డిస్క్ అంచుకూ మధ్య ఖాళీ ఒకచోట వేలు మందం, మరోచోట గోరు మందం ఉంటే టైరు విప్పి మళ్లీ ఎక్కించాల్సిందే, దానికి సీసం ముక్కలు అతికించి లాభం లేదు.

గాలి తగ్గించమన్న చిట్కాను చూసి మాత్రం నేను ఊరుకోలేను. గాలి తగ్గితే టైరు మోయగలిగే బరువు తగ్గుతుంది. 110 పీఎస్‌ఐ ఉండాల్సిన టైరులో పాతిక తీసేస్తే ఐదో వంతుకు మించి పోయినట్టే, ఆ స్థితిలో నడిచిన టైరును గాలి లేకుండా నడిచినట్టే లెక్కించి విప్పి చూడాలని టైర్ల పని తెలిసినవారంతా చెబుతారు. పక్కగోడ ప్రతి చుట్టులోనూ అతిగా మడత పడి లేస్తుంది, ఆ మడతలో వేడి పుడుతుంది, ఆ వేడికి లోపలి పొరలు విడిపోతాయి. అలా విడిపోయిన చోట ఉబ్బిన టైరే కొత్త అదురును తెచ్చిపెడుతుంది. జంట చక్రాల్లో ఒకదానిలో గాలి తక్కువైతే దాని భారం పక్కదాని మీద పడుతుంది, రెండూ ఒకదానికొకటి ఒరుసుకుంటాయి. మే నెల మధ్యాహ్నం సూర్యాపేట దారిలో నడిచిన టైరులో గాలి ఒత్తిడి పెరగడం సహజం. ధాబా దగ్గర ఆగి ఆ వేడి టైరులోంచి గాలి వదిలేస్తే, చల్లారాక మిగిలేది ప్రమాదకరమైన లోటు.

డ్రైవరు ప్రాణం సంగతి ఇది. టైర్ల షాపులో గాలి పట్టే కుర్రాడి సంగతి ఆ సందేశం రాసినవారికి తట్టినట్టు లేదు. గాలి తక్కువతో నడిచిన స్టీల్ రేడియల్ టైరు పక్కగోడలో తీగలు లోలోపల తెగిపోతూ ఉంటాయి, పైకి ఏమీ కనిపించకపోవచ్చు. మళ్లీ గాలి పట్టేటప్పుడు, పక్కగోడ జిప్పు తెరిచినట్టు ఒక్కసారిగా చీలి పేలుతుంది. అందుకే ఇనుప బోనులో పెట్టి, పొడవాటి గొట్టంతో, పక్కకు నిలబడి గాలి పట్టాలంటారు. రోడ్డు పక్క షాపుల్లో ఎన్నిట్లో ఆ బోను ఉంది? సీటు కాస్త మెత్తగా ఉండటం కోసం ఆ పిల్లవాడిని టైరు ముందు కూర్చోబెడతారా? ఈ చిట్కాను ముందుకు పంపేవారంతా ముందు ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలి.

పట్టీ తీసేయమన్న సలహా కూడా ఇలాంటిదే. మిగిలిన పట్టీలు బరువు మోయలేక విరగడం ఒక ఎత్తు. వెనక ఎత్తు మారి షాఫ్ట్ చివర్ల జాయింట్ల (వంగే కీళ్ల) కోణం మారడం మరో ఎత్తు. అంటే కుదుపు తగ్గించబోయి కొత్త అదురును కొని తెచ్చుకుంటారు. బండి గట్టిగా కొడుతుంటే కమాన్ కట్టను ఇరుసుకు బిగించే యు క్లాంపుల బిగువు, పట్టీలను కలిపి పట్టే సెంటర్ బోల్టు, ఇరుసును కదలకుండా నిలిపే టార్క్ రాడ్ బుష్‌లు, షాక్ అబ్జార్బర్లు, క్యాబిన్ మౌంటింగులు వరుసగా చూడండి. సెంటర్ బోల్టు తెగితే హౌసింగ్ పక్కకు జరిగి టైర్లు ఒక వైపే అరుగుతాయి, ఆ అరుగుదల కంటికే కనిపిస్తుంది.

షాఫ్ట్‌ను ఎలాగోలా బిగించవచ్చన్నవారు జాయింట్ దగ్గర చెక్కి ఉండే బాణం గుర్తులు ఎందుకున్నాయనుకుంటున్నారు? రెండు చివరల యోక్‌లు (జాయింటును పట్టుకునే కొమ్ముల ముక్కలు) ఒకే వరుసలో ఉంటేనే ఒక జాయింట్ పుట్టించే వేగపు హెచ్చుతగ్గులను రెండోది సరిచేస్తుంది. షాఫ్ట్ గాడుల్లో ఒక్క పన్ను తేడాగా ఎక్కించినా ఆ సర్దుబాటు చెడి, షాఫ్ట్ ఒక చుట్టు తిరిగేలోగా రెండుసార్లు అదురుతుంది. విప్పే ముందే సుద్దతో గుర్తు పెట్టుకోవడానికి అర నిమిషం చాలు.

ఆరో చిట్కా పూర్తిగా నిజమని ఒప్పుకోవాలి, పైగా చాలా షాపులవారు కూడా చెప్పని మాట ఇది. డిస్క్‌కూ, దాన్ని బిగించే హబ్‌కూ మధ్య ఉన్న తుప్పు, రంగు, మట్టి కొద్ది దూరం నడిచాక నలిగి నట్లు వదులవుతాయి కాబట్టి, 80 నుంచి 150 కిలోమీటర్ల లోపు టార్క్ రెంచ్‌తో (బిగువు కొలిచే పానాతో) మళ్లీ బిగించాలి. ఎక్కించే ముందే ఆ ముఖాలు గీకి శుభ్రం చేస్తే ఇంకా మంచిది. మీ గ్రూపుల్లో పంపదలుచుకుంటే, మిగిలిన ఐదింటినీ తొలగించి ఈ ఒక్కటే పంపండి.