ఈసీ క్లీన్‌గా ఉన్నా ప్లాటు కుంటలో ఉండొచ్చు

అనంతపురం వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "మనది కరువు సీమ, చిత్తడి నేలలు మనకెక్కడివి? ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) క్లీన్‌గా ఉండి రిజిస్ట్రేషన్ అయితే టెన్షన్ లేదు. పల్లంగా ఉంటే నాలుగు ట్రిప్పులు మట్టి తోలించి ఇల్లు కట్టుకోండి. అందరూ కడుతున్నారు, కరెంటు మీటర్లూ ఇస్తున్నారు." ప్లాట్లు అమ్మేవాళ్లు రాశారో, కొన్నవాళ్లు ధైర్యం చెప్పుకోవడానికి రాశారో గానీ, నమ్మితే మునుగుతాం.

మొదటి మాటలో సగం నిజముంది. 2017 నాటి కేంద్ర చిత్తడి నేలల నిబంధనలు సాగునీటికి, తాగునీటికి మనుషులు కట్టుకున్న చెరువులను ఆ నిర్వచనం నుంచి తప్పించాయి. కాబట్టి మీ ప్లాటు కాగితం మీద చిత్తడి నేల కాకపోవచ్చు. కానీ చెరువు, కుంట, వంక పోరంబోకులను కాపాడే చట్టాలు వేరే ఉన్నాయి. నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం వాల్టా 2002 నుంచీ ఉంది. 2017 భవన నిర్మాణ నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన విస్తీర్ణమున్న చెరువు హద్దు నుంచి 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు వదలాలి.

కరువు సీమ అంటారా, వాన తక్కువ కాబట్టే మన పెద్దలు పల్లం కనబడ్డచోటల్లా కట్ట వేసి నీళ్లు నిలిపారు. ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండి ఉండటం ఆ కుంటలకు మామూలే. మే నెలలో అక్కడ పిల్లలు క్రికెట్ ఆడుతుంటారు. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి నగరంలో కాలనీలు మునిగినప్పుడు కూడా మనది కరువు సీమే.

ఇక ఈసీ. అది ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్టర్డ్ లావాదేవీల చిట్టా, అంతే. నేల ఏ రకమో అందులో ఉండదు. సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ సెక్షన్ కింది నిషేధిత జాబితాలో ఉంటే రిజిస్ట్రేషన్ ఆపుతారు, నిజమే. జాబితాలో లేనంత మాత్రాన కట్టుకోవచ్చని కాదు. పట్టా భూమిలోనూ కొంత ముక్క ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు చేరే హద్దు) లోపల ఉండొచ్చు. పాత భూమి రికార్డు ఆర్‌ఎస్‌ఆర్‌లో (రీసెటిల్‌మెంట్ రిజిస్టర్) ఆ నంబరు ఎదురుగా కుంట, వంక అని రాసి ఉందేమో చూడండి. సర్వే కొలతల పుస్తకం ఎఫ్‌ఎంబీ నక్షాలో వంక గీత ఎటు పోతోందో చూడండి. రీసర్వేలో కొత్త ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబరు వచ్చి ఉంటే, పాత సర్వే నంబరు అడిగి దానితో వెతకండి. ఎఫ్‌టీఎల్ సంగతి నీటిపారుదల శాఖవాళ్లను అడగాలి.

తర్వాత నడిచి చూడండి. చుట్టుపక్కల తుంగ, జమ్ము ఉన్నాయా? పక్కింటి కాంపౌండ్ గోడ మీద మోకాలెత్తున బురద చార ఉందా? ఎగువన చెరువుంటే మరవ (నిండిన చెరువు నీళ్లు బయటికి పొర్లే చోటు) దాకా వెళ్లి, అది పారితే నీళ్లు ఎటు వస్తాయో చూడండి. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల అక్టోబరు, నవంబరు ఫొటోలు దొరికితే ఇంకా మంచిది.

మట్టి తోలితే ప్లాటు ఎత్తు పెరుగుతుంది, రికార్డులో మాత్రం కుంట కుంటగానే ఉంటుంది. మీ ప్లాటులో నిలవాల్సిన నీళ్లు పక్కింట్లోకి పోతాయి. సరిగ్గా దిమ్మిస చేయని మట్టి రెండు వానలకే కుంగి, బండలు లేస్తాయి.

మీటరు ఇచ్చారంటే కరెంటు వాడుకోమని. ప్లాన్ అప్రూవల్ ఉందా అని అడిగి చూడండి, అమ్మేవాళ్లు వెంటనే మాట మారుస్తారు.