తోపుడు బండికి మూడు, నడిచేవాడికి సున్నా

హైదరాబాద్ రవాణా ప్రణాళికలను ఎవరు తయారు చేస్తారని అడిగితే అమాయకులు ఇంజనీర్లంటారు, లోకం తెలిసినవారు కాంట్రాక్టర్లంటారు. ఇద్దరిదీ పొరపాటే. వాటిని తయారు చేసేది నేను. కిందటేడాది ఒక ఆదివారం ఉదయం పది గంటలకు, దోసె పళ్లెం ఒళ్లో పెట్టుకుని, సర్వే ఫారంతో మా వరండాలోకి వచ్చిన ఒక కుర్రవాడికి జవాబులు చెబుతూ ఈ మహానగరపు రాబోయే ఇరవై ఏళ్ల రాకపోకలను నిర్ణయించాను. చట్నీలో ఉప్పు తక్కువైందన్న విసుగు కూడా ఆ నిర్ణయాల్లో ఎక్కడో ఒకచోట కలిసే ఉంటుంది.

ఈ శాస్త్రం తెలియనివారి కోసం నాలుగు మాటలు చెబుతాను. ఇంట్లో ఎవరెవరు నిన్న ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎన్ని గంటలకు, దేని మీద వెళ్లారో ముందుగా రాసుకుంటారు. తరువాత ఏ వాడలో ఎన్ని ప్రయాణాలు పుడతాయో, అవి ఏ వాడకు చేరుతాయో, వాటిలో కారుకెన్ని, బస్సుకెన్ని, చివరికి ఏ రోడ్డు మీద ఎంత బరువు పడుతుందో నాలుగు మెట్లలో లెక్క కడతారు. అంటే మనం నిన్న చేసిన పనే రేపటి అవసరమై కూర్చుంటుంది. నిన్న నేను కారులో ఒక్కడినే ఆఫీసుకు వెళ్లాను కనుక రేపు నాకొక ఫ్లైఓవర్ అవసరం. నిన్న బస్సు రాక విసిగి ఇంటికి తిరిగి వెళ్లిపోయిన మనిషి ఎక్కడికీ వెళ్లలేదు కనుక ఆయనకు ఏ అవసరమూ లేదు. ఇంత నిష్పక్షపాతమైన పద్ధతి మరే శాస్త్రంలోనూ నాకు కనబడలేదు.

కుర్రవాడు అడిగిన ప్రశ్నల్లో ఒకటి: మెట్రో స్టేషన్ దాకా మంచి కాలిబాట, ఫీడర్ బస్సు ఏర్పాటు చేస్తే కారు మానేస్తారా? తప్పకుండా మానేస్తానన్నాను. దీన్ని అబద్ధమనుకునేవారికి మన మర్యాదలు తెలియవు. ఎవరింటికైనా వెళ్లినప్పుడు కాఫీ తాగుతారా అంటే ఇప్పుడే తాగి వచ్చామంటాం, భోజనం చేశారా అంటే అయిందంటాం. ఇంటికొచ్చిన పిల్లవాడు ఎండలో నిలబడి అంత ఆశగా అడుగుతుంటే, మానను పొమ్మని ముఖం మీద చెప్పగలమా? 2017 నవంబరులో మొదలైన మెట్రో 2020 ఫిబ్రవరి నాటికి 69 కిలోమీటర్లకు పెరిగింది. మా ఇంటికి కిలోమీటరు దూరంలోనే స్టేషన్ ఉంది. ఆ కిలోమీటరు నడవడం ఆరోగ్యానికి మంచిదేనని నాకు తెలుసు కనుకనే, రోజూ సాయంత్రం పార్కు దాకా కారులో వెళ్లి అక్కడ నడుస్తాను. అయినా హోదా అన్నది ఒకటుంది. పెళ్లి సంబంధం వచ్చినప్పుడు అబ్బాయికి కారుందా అని అడిగారు గాని బస్సు పాసుందా అని అడిగిన మామగారు ఇంతవరకు పుట్టలేదు.

ఈ హోదాను నేను ఊరికే ఊహించుకోలేదు, లెక్కల్లోనే ఉంది. రోడ్లకు ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అనే సంస్థ, ఏ బండి ఎంత చోటు పడుతుందో చెబుతూ 1990లో నగర రోడ్ల కోసం వేసిన పట్టికలో కారే కొలమానం, దాని విలువ 1. రద్దీలో ఆ రకం బండ్ల వాటాను బట్టి బస్సుకు 2.2 లేదా 3.7, సైకిలుకు 0.4 లేదా 0.5, తోపుడు బండికి 2 లేదా 3. అరటిపళ్లు అమ్ముకునే మనిషి బండి నా కారుకు రెట్టింపు, ఒక్కోసారి మూడింతలు. ఇక ఉత్త కాళ్లతో నడిచేవాడికి సున్నా కూడా రాదు, ఆ పట్టికలో ఆయనకు వరుసే లేదు. ఆయనకు వేరే పుస్తకముంది. నడిచే దారి 1.8 మీటర్ల మేర ఖాళీగా ఉండాలని 2012లో సవరించిన ఆ పుస్తకం చెబుతుంది. మా వీధిలో ఆ 1.8 మీటర్లను మేమంతా ఇంటింటికీ ఒక ర్యాంపు చొప్పున కట్టుకుని భద్రంగా కాపాడుతున్నాం. పట్టిక కొలిచేది బండి ఆక్రమించే చోటునే గాని లోపలి తలలను కాదు కనుక, అరవై మందిని మోసే బస్సు నా బోటి నలుగురు ఏకాకుల కార్లకంటే తక్కువ చోటే పట్టినా, ముందు బస్సు కనిపిస్తే రోడ్డంతా వీళ్లదేనని విసుక్కునే హక్కు నాకుంది. కదలవలసింది మనుషులు గాని వాహనాలు కావని 2006లోనే జాతీయ పట్టణ రవాణా విధానం చెప్పిందట. చెప్పనివ్వండి.

2023 డిసెంబరు 9న తెలంగాణలో ఆడవారికి బస్సు ప్రయాణం ఉచితమైంది, 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లోనూ అయింది. బస్సులు నిండిపోయాయి. మా కాలనీ సంఘం సమావేశంలో మేము తీవ్ర ఆందోళన వ్యక్తం చేశాం: ఈ ఆడవాళ్లు అనవసరంగా తిరుగుతున్నారు! నిన్నటిదాకా ఏ సర్వేలోనూ లేని ప్రయాణాలు ఒక్కసారిగా ఎక్కడి నుంచి ఊడిపడ్డాయి? ఛార్జీకి జడిసి మానుకున్న ఆసుపత్రి, పుట్టిల్లు, కొంచెం దూరంలో కొంచెం ఎక్కువ జీతమిచ్చే పని, ఇవన్నీ అవసరాలెలా అవుతాయి? అప్పుడు ఒక పెద్దాయన లేచి, టోల్ లేని పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 11.6 కిలోమీటర్ల మీద మన కార్లు కూడా, ఆధార్ చూపిన ఆడవారికి బస్సులో ఇచ్చే జీరో టికెట్ లాంటి దాని మీదే పోతున్నాయి కదా, అక్కడ మనల్ని ఆధార్ కార్డు అడిగినవారెవరని ప్రశ్నించాడు. ఆయనను తరువాతి సమావేశానికి పిలవలేదు.

విజయవాడ ఈ విషయంలో మనకంటే నిజాయితీగల ఊరు. బస్సులకు ప్రత్యేక వరుసలతో వేసిన అక్కడి రోడ్డులోకి అన్ని బండ్లూ వచ్చి చేరాయి. పేరు మాత్రం నేటికీ బీఆర్‌టీఎస్ (బస్సులు వేగంగా పోయే ఏర్పాటు) రోడ్డే, నేతి బీరకాయలో నెయ్యిలాగా.

సర్వే ముగింపుకొచ్చింది. ఇక్కడికి దగ్గరి బస్టాపు ఎంత దూరమని కుర్రవాడు అడిగాడు. నాకు తెలియదు. వంటింట్లోంచి జవాబు వచ్చింది.

"పదిహేను నిమిషాలు నడవాలి సార్. రోడ్డు దాటనీకే ఐదు నిమిషాలు. పొద్దుగాల ఆరుంబావు బస్సు పోతే ఏడున్నర దాంక ఇంకోటి లేదు."

కుర్రవాడు కలం ఆపి, ఆమె ఈ కుటుంబ సభ్యురాలేనా అన్నాడు. కాదు, వంట చేస్తుందన్నాను. అయితే ఇక్కడ రాయకూడదు, వాళ్లింటికి వెళ్లినవారు రాసుకుంటారన్నాడు. ఆదివారం పది గంటలకు ఆమె వాళ్లింట్లో ఉండదని నాకు తెలుసు గాని, శాస్త్రానికి అడ్డు తగలడం ఇష్టం లేక ఊరుకుని సంతకం చేశాను.

ఆమె పని ముగించుకుని చెప్పులేసుకుంది. మా ర్యాంపు పక్కనుంచి రోడ్డు మీదికి దిగి నడక మొదలుపెట్టింది. సందు చివరి కొట్లో కొత్తిమీర తేవలసి ఉండటంతో నేనూ కారు తీశాను. మలుపులో ఆమె అడ్డం వస్తే హారన్ కొట్టాను.