వేగం పెంచింది ప్రాసెసరే

స్పేస్ ఇన్వేడర్స్ అనే పాత ఆర్కేడ్ వీడియో గేమ్‌లో శత్రువులు తగ్గేకొద్దీ వేగం పెరిగేది ఆటగాడిని కంగారుపెట్టడానికే అని ఆ ఆట గురించిన ఒక వ్యాసంలో రాశారు. అసలు కారణం యంత్రం లోపలి సర్క్యూట్ బోర్డులో ఉంది. 1978 నాటి ఆ యంత్రంలో ఉన్నది 2 మెగాహెర్ట్జ్ ఇంటెల్ 8080 ప్రాసెసర్. ఒక్కో ఫ్రేముకి, అంటే తెర మీద బొమ్మని ఒక్కసారి గీసే సమయంలో, ఒక్క శత్రువునే జరుపుతుంది. 55 మందీ ఉంటే దండు మొత్తం ఒక్క అడుగు వేయడానికి 55 ఫ్రేములు, అంటే దాదాపు ఒక సెకను. ఒక్కడే మిగిలితే ప్రతి ఫ్రేములోనూ వాడి వంతే.

తెర బొమ్మ కూడా ఈ ప్రాసెసరే గీయాలి. తెర 256 × 224 చుక్కలు, చుక్కకో బిట్టు (0 లేదా 1), లెక్కకి సరిగ్గా 7 కిలోబైట్లు. మానిటర్‌ని పక్కకి తిప్పి బిగించారు. బైటుకి 8 చుక్కలు కాబట్టి బొమ్మ బైటు మధ్యలో మొదలవ్వాలంటే బిట్లు జరపాలి. 8080 ఒక ఆదేశానికి ఒక్క బిట్టే తిప్పగలదు. అందుకే బిట్లు జరపడానికే విడిగా షిఫ్టర్ అనే సర్క్యూట్ పెట్టారు. దానితో ప్రాసెసర్ మాట్లాడేది పోర్టులనే దారుల్లో: 4వ పోర్టుకి రెండు బైట్లు, 2వ పోర్టుకి ఎన్ని బిట్లు జరపాలో పంపితే, 3వ పోర్టులో జవాబు సిద్ధం. ఎంత చక్కటి ఆలోచన!

పాత బోర్డు బాగుచేసేవాళ్లు ముందు వోల్టేజీలు చూడండి. 8080కి +5, +12, −5 వోల్టులు మూడూ కావాలి. −5 రాకుండా +12 తగిలితే చిప్ కాలిపోవచ్చు, కాబట్టి ప్రాసెసర్ ఊడదీసి సాకెట్‌లోనే కొలవండి. ఆట నడుస్తూ తెర మీద ప్రతి 8 చుక్కలకో గీత కనిపిస్తుంటే తెర బొమ్మని దాచే మెమరీ, అంటే ర్యామ్ చిప్పుని అనుమానించండి. ఒక్కో చిప్పు బైటులో ఒక్క బిట్టునే దాస్తుంది మరి.