సవరణ: .44-40 తూటా పట్టినంత మాత్రాన పేల్చకూడదు

తూటాలు తిరిగి నింపుకోవడంపై మొన్నటి పోస్టులో ".44-40 తూటా ఏదైనా వించెస్టర్ 1873లోనూ 1892లోనూ వాడొచ్చు" అని ఉంది. ఆ వాక్యం తీసేశాను. .44-40 అనే ఈ రకం తూటా ఆ రెండు వించెస్టర్ లివర్ రైఫిళ్లలోనూ పడుతుంది, నిజమే. కానీ 1873లో బోల్టును (పేలేటప్పుడు తూటాను వెనక నుంచి మూసి పట్టే భాగాన్ని) వెనక నుంచి ఆపేది మోకాలిలా ముడుచుకునే లింకులే; అది పాతకాలపు నల్ల తుపాకిమందు (బ్లాక్ పౌడర్) ఒత్తిడికి తగ్గ ఏర్పాటు. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన 1892లో రెండు ఉక్కు దిమ్మెలు నిలువుగా లేచి బోల్టును బిగించేస్తాయి. 1892 కోసం మందు ఘాటుగా నింపిన తూటాలు 1873లో గానీ, అదే తూటా పేల్చే పాత కోల్ట్ రివాల్వర్లలో గానీ అస్సలు వాడకండి, దయచేసి. రెండూ ఉన్నవాళ్లు డబ్బాలు వేరుగా పెట్టి, పైన తుపాకి పేరు రాసుకోండి.

తూటాలు ఒకదాని వెనక ఒకటి వరుసగా ఉండే గొట్టం మ్యాగజీన్ సంగతి మారలేదు: మొనదేలిన బుల్లెట్ వద్దు, ముందున్న తూటా ప్రైమర్‌కి (దెబ్బ తగిలితే మందును అంటించే అడుగు భాగానికి) గుచ్చుకుంటుంది.