సీక్వెల్ గారూ, నా మధ్యాహ్నం నిద్ర ఏదండీ?

మహారాజశ్రీ సీక్వెల్ గారికి,

నమస్కారాలు. నిన్న మధ్యాహ్నం మీరు నాకు చేసిన ద్రోహం గురించి ఈ ఉత్తరం.

మన మధ్య ఒక ఒప్పందం ఉంది. కాగితం మీద లేదు గానీ ఉంది. పిల్లల బొమ్మల సినిమాకి మీరు ఇంకో భాగం తీసుకొస్తారు. పిల్లలు కళ్లార్పకుండా చూస్తారు. పక్కన సోఫాలో నేను గంటన్నర నిద్రపోతాను. ఇన్నేళ్లలో ఇద్దరం మాట తప్పలేదు. ఆ నమ్మకంతోనే నిన్న మా పాపకి 'పుస్ ఇన్ బూట్స్: ది లాస్ట్ విష్' పెట్టి, దిండు సర్దుకున్నాను. ష్రెక్ అనే ఆకుపచ్చ రాక్షసుడి వెంట తిరిగిన పిల్లికి 2011లో ఒక సొంత సినిమా, పదకొండేళ్లాగి దానికో రెండో భాగం. ఇంతకంటే మంచి నిద్రమాత్ర ఉంటుందా?

కాసేపటికి ఈల వినబడింది.

కళ్లు తెరిస్తే తోడేలు. చేతుల్లో రెండు కొడవళ్లు. దేనికీ జంకని ఆ పిల్లి నుదుటి మీంచి సన్నగా ఒక నెత్తుటి చార దిగింది. దాని ఒంటిమీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. నావీ.

పిల్లల సినిమాలోకి తోడేలు రూపంలో సాక్షాత్తూ మృత్యువుని పట్టుకొచ్చి పెట్టమని మిమ్మల్ని ఎవరడిగారండీ? తనకున్న తొమ్మిది ప్రాణాల్లో ఎనిమిది తగలేసుకున్న ఆ పిల్లి, మిగిలిన ఒక్కదాన్నీ కాపాడుకోవడానికి అడవిలో పడి పరుగెత్తి, ఊపిరాడక కూలబడిపోతే, దాని వెంట తిరిగే వాగుడుకాయ కుక్కపిల్ల ఏం చేసింది? ధైర్యం చెప్పలేదు. పాట ఎత్తుకోలేదు. పిల్లి పొట్టమీద తల ఆనించి ఊరుకుంది. అంతే. మా పాప నావైపు తిరిగి "నాన్నా, ఏడుస్తున్నావా?" అంది. కంట్లో నలక పడిందమ్మా అన్నాను. "రెండు కళ్లలోనూనా?" అంది.

అంటే, మీకు ఇదంతా వచ్చన్నమాట. నాకు మింగుడుపడనిది అదే. రాదు పాపం అనుకునే కదా ఇన్నేళ్లూ సర్దుకుపోయాను! 2001లో వచ్చిన 'ష్రెక్', బొమ్మల సినిమాలకంటూ ఆస్కార్ పెట్టిన మొదటిసారే దాన్ని ఎగరేసుకుపోయింది. రెండో భాగానికీ వంక పెట్టను. 2007లో మూడో భాగానికి కథ అయిపోయింది, ష్రెక్ దంపతులకి ముగ్గురు పిల్లల్ని పుట్టించారు. 2010లో వాళ్లిద్దరూ అసలు కలుసుకోనే లేదనే ఇంకో లోకం చూపించి, 'చివరి అధ్యాయం' అని ప్రచారం చేసుకుని మరీ అమ్మారు. అలసిపోయారులే అని ఊరుకున్నాం. తీరా చూస్తే అది అలసట కాదు, ఒళ్లు బద్ధకం! ఎందుకంటే 2022లో అదే ఇంట్లోంచి ఈ పిల్లి వచ్చింది. కుంచెతో రంగులద్దినట్టు ఉంది. పోరాటం మొదలైతే ఒక్కో బొమ్మని రెండేసి ఫ్రేములు నిలిపి, సెకనుకి ఇరవైనాలుగు కదలికల్ని సగానికి తెచ్చారు. తగ్గించినకొద్దీ దెబ్బ గట్టిగా తగిలింది. జుట్టులో వెంట్రుకలు లెక్కపెట్టేలా చూపించడమే గొప్ప అని మమ్మల్ని నమ్మించింది తమరే కదూ?

అసలు ఆ తోడేలు కోపం దేనికి? ఎనిమిది ప్రాణాల్లో ఒక్కదానికీ విలువివ్వలేదని. అది పిల్లితో అంటోందా, నీతోనా? అవును, 'నీతో'నే. మర్యాద ఇంక నా వల్ల కాదు. నీ మూడో భాగానికి బుద్ధిగా కూర్చున్న పిల్లలు ఇప్పుడు ఉద్యోగాలు చేసుకుంటున్నారు. వాళ్ల గంటన్నర ఎవడిస్తాడు? 'టాయ్ స్టోరీ'లో 2010లో మా చేత బొమ్మలకి వీడ్కోలు చెప్పించి, వెక్కి వెక్కి ఏడిపించి, 2019లో ఏమీ ఎరగనట్టు మళ్లీ వచ్చావు. ఇక్కడా అంతే. ఇంత చక్కటి సినిమాకి చివర్లో ఓడెక్కించి, పాత నేస్తాల రాజ్యం దూరంగా చూపించి ఊరించావు. ఐదో 'ష్రెక్' 2026 అన్నావు, 2027కి జరిపావు. 'చివరి' అనే మాటకి నీ నిఘంటువులో అర్థం ఏమిటో కాస్త చెప్పు.

నేను వస్తాను, అది వేరే సంగతి. దిండు తేవాలా వద్దా అన్నది మాత్రం ముందే చెప్పు.

రాత్రి లైటు ఆపి పడుకున్నాను. తలుపు అవతల ఈల. సన్నగా, తాపీగా, అదే వరస. మా పాపకి ఈల వెయ్యడం ఎప్పుడొచ్చిందో నాకు తెలీదు.

ఇట్లు,
నిద్రపట్టని ఒక తండ్రి