కాటా గారికి, నా 50 గ్రాముల విషయమై

శ్రీయుత ఎలక్ట్రానిక్ కాటా గారికి,

పాత ఇనుప సామాను దుకాణం వాకిట్లో గోనెపట్టా మీద ఆసీనులై, ఎర్రటి అంకెలతో లోకానికి వెల కట్టే తమరికి నమస్కారాలు. నిన్న మిట్టమధ్యాహ్నం ఆటోలోంచి తుప్పు గేటు, రెండు రేకు పెట్టెలు, ఒక మంచం చట్రం దింపిన మనిషిని నేనే. గుర్తుండకపోవచ్చు. తమరి కంటికి మనుషులు ఆనరు.

గేటు విషయంలో నాకు పేచీ లేదు. మంచం విషయంలో అసలే లేదు, దాని మీద పడుకున్న ఏ చుట్టమూ రెండో రాత్రి మా ఇంట్లో నిలవలేదు. నా గొడవంతా నాగలి రెక్క గురించే.

అమ్మడానికి తేలేదని ముందే చెప్పాను. ఎంత చేస్తుందో తెలుసుకుందామని తెచ్చాను, అంతే. ఆ బుద్ధి పుట్టడమే నా తప్పు. డాలస్‌లో ఉన్న మా బావ ఫోనులో ఊరిస్తూ ఉంటాడు. అమెరికాలో పాత సేద్యపు యంత్రాల పోత ఇనుప సీట్లు సేకరించేవాళ్లకు ఏకంగా ఒక సంఘమే ఉందట. ఇక్కడేమో హైవే పక్క రిసార్టువాళ్లు నాగలికి బంగారు రంగు పూసి, గడ్డిలో గుచ్చి, దాని పక్కన ఫోటో దిగినందుకు కూడా డబ్బులు తీసుకుంటున్నారు. మరి మా తాతయ్య నాగలి ఏం పాపం చేసిందని బయలుదేరాను.

తమరి కుర్రవాడు దాన్ని ధన్‌మని పళ్లెం మీద పడేశాడు. తమరు రెండు క్షణాలు తటపటాయించి 11.650 అన్నారు. కిలో 32 రూపాయలు. మొత్తం 372 రూపాయల 80 పైసలు. తాతయ్య ముప్పై ఏళ్ల చాళ్లకు ఇదీ తమరి తీర్పు.

సరే, ఆలోచించుకుంటాను అనబోతున్నాను. ఈలోగా కుర్రవాడు సమ్మెట ఎత్తి ఒక్కటి వేశాడు. రెక్క రెండు ముక్కలైంది. “బీడేనండీ, అనుమానం లేదు” అన్నాడు పరీక్ష పాసైనవాడిలా. మామూలు ఇనుమైతే సొట్ట పడుతుంది, బీడైతే పుటుక్కున విరుగుతుంది. బీడుకు వేరే గుట్ట, వేరే రేటు. పోతపని కొలిమికి పంపేముందు ఎలాగూ పగలగొట్టాలి కాబట్టి ఒక పని కలిసొచ్చిందని వాడి లెక్క. పోత ఇనుముకూ దున్నని నేలకూ ఒకే పేరు పెట్టిన మహానుభావుడెవరో గానీ, మా ఎద్దులను అమ్మేసిన ఏడాదే ఆ మాట నిజమైంది.

నేను కేకలు వేశాను. దానికి వాడు చాలా మర్యాదగా అన్న మాట ఇది: “ముక్కలైతే ఏమైందండీ, తూకం తగ్గదు కదా.”

రాత్రంతా నన్ను నిద్రపోనివ్వని మాట అది. అది వాడి మాట కాదని నాకు తెలుసు. తమరి దగ్గర నేర్చుకున్నదే.

చరిత్రతో తమరికి పని లేదు. అయినా వినండి. 1903లో లక్ష్మణరావు కిర్లోస్కర్ బెళగావిలో ఇనుప నాగలి తయారుచేస్తే, ఇనుము తగిలితే నేల విషమవుతుందని రైతులు దాని దగ్గరికే రాలేదు. అంతకు వందేళ్ల పైమాటే, 1797లో, చార్లెస్ న్యూబోల్డ్ అమెరికాలో పోత ఇనుప నాగలికి పేటెంటు తీసుకుంటే అక్కడి రైతులూ అదే పాట పాడారు. (పక్కింటివాడు కొనేదాకా మనం కొనం. అది ఏ దేశమైనా ఒకటే.) మా ఇంట్లో ఆ భయం మా తాతమ్మది. తాతయ్య దీన్ని తెచ్చిన ఏడు ఏరువాక పున్నమికి ఆవిడ చెక్క నాగలికి మాత్రం పసుపు కుంకుమలు పెట్టి, దీన్ని కొట్టంలో మూలకు నెట్టిందట. చెక్క నాగలి నేలను గీరి వదిలేస్తుంది. ఇది మట్టిని బోర్లా తిరగేసి గరిక వేళ్లను ఎండకు పెట్టింది. పంట ఇంటికొచ్చాక, మరుసటి ఏరువాకకు దీనికీ బొట్టు దక్కింది.

ఆ బొట్టు తమరి లెక్కలో ఎన్ని గ్రాములు?

ఇక మర్యాదలు చాలు. ఒరే కాటా, నీకేం తెలుసురా? ఎద్దులు పోయాక కూడా అది ఒక్కరోజు ఖాళీగా కూర్చోలేదు. కోళ్ల గంప మీద బరువైంది. గాలికి కొట్టుకునే తలుపుకు అడ్డమైంది. అమ్మ ప్రతి ఆదివారం దాన్ని వెల్లకిలా పెట్టి, దాని మీదే కుంకుడుకాయలు కొట్టేది. ఒంపు ఉంది కాబట్టి గింజ ఎగిరి వీధిలో పడదు. మా పెదనాన్న ఒకసారి దాన్ని బడికి గంటగా బహూకరించాడు. కొడితే ‘డబ్’ అని ఊరుకుంది. బీడు అదురును తనలోనే మింగేస్తుంది. అందుకే లేత్ యంత్రాల పీఠాలు దానితో పోస్తారు. ఈ సంగతి పెదనాన్నకు తెలియదు, పిల్లలకు మాత్రం వారం రోజులు బడి ఎప్పుడు మొదలైందో తెలియలేదు. ఎనిమిదో రోజున గంట మా కొట్టానికి తిరిగొచ్చింది. నీ మీద ఇంతవరకూ ఎవరైనా కుంకుడుకాయలు కొట్టారా? చార్జింగు అయిపోతే సున్నా కూడా చూపించలేవు నువ్వు.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. నా నోరు మూయించడానికి కుర్రవాడు ఆ రెండు ముక్కలనూ మళ్లీ నీ మీద పెట్టాడు, “చూడండి, అంతే ఉంటుంది” అంటూ.

11.600 అన్నావు.

వాడు ముక్కలు అటూ ఇటూ జరిపాడు. నువ్వు కదల్లేదు. “ఫ్యాను గాలండీ” అన్నాడు. ఫ్యాను ఆపినా 11.600 దగ్గరే నిలబడ్డావు. విరిగినందుకు ఏదో పోయిందని ఆ దుకాణంలో నాకు సాక్ష్యం చెప్పింది నువ్వొక్కదానివే.

అందుకే మళ్లీ మర్యాదలోకి వస్తున్నాను. ముక్కలు రెండూ ఇంటికి తెచ్చుకున్నాను. విరిగిన చోట బూడిదరంగు, వేలు పెడితే పెన్సిల్ ముల్లులా నల్లగా అంటుకుంటోంది. సాయంత్రం వెల్డింగు మేస్త్రీకి చూపించాను. బీడు అతకడం మామూలు పని కాదన్నాడు. ముందు వేడెక్కించాలి, నికెల్ కడ్డీ వాడాలి, తర్వాత బూడిదలో పూడ్చి మెల్లగా చల్లారనివ్వాలి. తొందరపడితే అతుకు పక్కనే కొత్త పగులు. అన్నీ చెప్పి ముక్కలను ఒకదానికొకటి ఆనించి చూశాడు. అంచున చింతగింజలు మూడు పట్టేంత ఖాళీ. “ఇక్కడి పెచ్చు ఏదండీ?” అన్నాడు.

కనుక మనవి ఏమిటంటే, ఆ పెచ్చు తమరి పళ్లెం కింద గానీ, గోనెపట్టా మడతలో గానీ ఉండి తీరాలి. రేపు పొద్దున దుకాణం తీసే వేళకు వస్తాను. అంతవరకు తమరి కుర్రవాడిని అక్కడ ఊడ్వనివ్వకండి. ఊరికే వద్దు, తమరి రేటు ప్రకారమే 1 రూపాయి 60 పైసలు అవుతుంది. 2 రూపాయల బిళ్ల ఇస్తాను, చిల్లర ఉంచుకోమనండి.

ఇట్లు,
రెండు ముక్కల యజమాని