గుర్తుపట్టలేదు, చెరిపేయమంటారా?

నా కంప్యూటర్‌కు మతిమరుపు వచ్చింది. నిన్నటిదాకా ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ తగిలించగానే టింగుమని పలకరించేది. ఇవాళా టింగుమంది. వెంటనే ఇంకో టింగు, కాస్త దిగులుగా: డిస్క్ వెళ్లిపోయిందట. నేను కేబుల్ ముట్టుకోనే లేదు. అలా నాలుగుసార్లు వచ్చి, నాలుగుసార్లు వెళ్లి, ఐదోసారికి తెర మీద ఒక పెట్టె వెలిసింది. ఈ డిస్కును వాడుకోవాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, అంటే ఉన్నదంతా చెరిపేయాలి, చేయమంటారా అని.

ఎంత మర్యాద! పదకొండేళ్ల ఫొటోలు, నాన్నగారి గొంతున్న ఆడియోలు, ఇల్లు తాలూకు కాగితాల స్కాన్లు అన్నీ అందులోనే ఉన్నాయి. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టినవాణ్ని తరతరాలుగా వెక్కిరించాం. వాడే నయం, ఎలుకల్ని కళ్లారా చూశాకే అగ్గిపుల్ల గీశాడు.

ఈ తెలివిగల యంత్రాన్ని మీ గుమ్మం దగ్గర కాపలాకి పెట్టారనుకోండి. చాలాకాలానికి మీ చిన్నాన్న వచ్చాడు.

"అయ్యా, గుమ్మంలో ఎవరో ఉన్నారు. పోల్చుకోలేకపోతున్నాను. లోపలికి రావాలంటే ముందు ఈయన్ని ఖాళీ చేయాలి. చేయమంటారా?"

"ఖాళీ అంటే?"

"పేరు, ఊరు, మిమ్మల్ని ఎత్తుకు తిప్పిన సంగతులు, అన్నీ తీసేస్తాం. మనిషి చెక్కుచెదరడు. తర్వాత కొత్త పేరు పెట్టుకోవచ్చు. మామూలుగా న్యూ వాల్యూమ్ అని పెడుతుంటాం."

"ఒరేయ్, ఆయన మా చిన్నాన్నరా!"

"కావచ్చు సార్. నాకు మాత్రం రా అని కనిపిస్తున్నాడు. త్వరగా కానిచ్చేద్దామని క్విక్ ఫార్మాట్ దగ్గర టిక్కు కూడా పెట్టే ఉంచాను."

ఆ 'రా' నా కల్పన కాదు. విండోస్‌లో డిస్కుల జాబితా చూపించే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి చూస్తే, ఫైల్ సిస్టమ్ (ఫైళ్లను అమర్చిన పద్ధతి) పేరు ఉండాల్సిన చోట నిజంగానే రా (RAW) అని ఉంది. పిలుస్తోందేమో అనుకునేరు. ఇందులో ఏముందో నాకు చదవడం రావడం లేదు అని దాని అర్థం. ఏమీ లేదని కాదు. చదవడం రానిది తనకు, చెరగాల్సింది నా డిస్కు!

సరే, ఆ రాకపోకలకు కారణం వెతికాను. ఈ రెండున్నర అంగుళాల డిస్కులకు వేరే అడాప్టర్ ఉండదు, కరెంటంతా యూఎస్‌బీ తీగలోంచే రావాలి. యూఎస్‌బీ 2.0 పోర్టు ప్రమాణం ప్రకారం ఇచ్చేది 500 మిల్లీయాంపియర్లు, 3.0 అయితే 900. లోపలి పళ్లెం తిరగడం మొదలెట్టేటప్పుడే అన్నిటికన్నా ఎక్కువ లాగుతుంది. మధ్యలో హబ్ (ఒక్క పోర్టును నాలుగైదు చేసే పెట్టె) ఉండి, అదే హబ్‌కు మౌసూ కీబోర్డూ ఫోనూ వేలాడుతుంటే ఇక చెప్పేదేముంది! లైటు వెలుగుతుంది, డిస్కు లేవదు.  

హబ్ తీసేశాను. వెనక పోర్టుకు పెట్టాను. అయినా రా. చివరికి కేబుల్ మార్చాను, పొట్టిది, కొత్తది. డిస్కు లేచింది. ఫోల్డర్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

అంటే పాడైంది కేబుల్. ఒక్క ముక్క రాగి తీగ. దానికి ఈ పెద్దమనిషి సూచించిన వైద్యం, పదకొండేళ్లు తుడిచేయడం. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఇక్కడ చొక్కా గుండీ ఊడితే నాలుక కోస్తానన్నాడు.

పోనీ కంప్యూటర్‌కు తెలియదా అంటే, తెలుసు. అదే నా కడుపుమంట. డిస్కు చదవడంలో వచ్చిన పొరపాట్లను ఈవెంట్ లాగ్ అనే తన డైరీలో గుట్టుగా రాసుకుంటుంది. మనం వెళ్లి తవ్వితే తప్ప నోరు విప్పదు. చదవలేకపోయాను, కేబుల్ మార్చి చూడండి, లోపల మీ ఫైళ్లు ఉండొచ్చు, దేనికీ అవునని నొక్కకండి: ఈ నాలుగు మాటలు రాయడానికి ఏం రోగం? ఆ పెట్టె ఎదురుగా కూర్చునేది ఇంజనీరు కాదు. మనవడి ఫొటోలు చూద్దామని కళ్లజోడు పెట్టుకుని వచ్చిన పెద్దావిడ. కంప్యూటర్ చేయాలి అంటే చేయాలి కాబోలు అనుకుంటుంది. నొక్కుతుంది. ఆవిడ తప్పని ఎవడైనా అంటే వాడి మొహం నాకు చూపించొద్దు.

కొందరి దగ్గర ఇంకో పెట్టె వస్తుంది. డిస్కును ఇనిషియలైజ్ చేయాలి (కొత్త డిస్కులా మొదటినుంచి సిద్ధం చేయాలి), ఎంబీఆరా జీపీటీయా అని. డిస్కులో ఏ భాగం ఎక్కడుందో రాసుకునే విభజన పట్టికలో ఇవి రెండు రకాలు. కాఫీయా టీయా అన్నంత తేలిగ్గా! ఫైళ్లున్న డిస్కుకైతే రెండూ విషమే, ఏది తాగినా పాత విభజన పట్టిక మీద కొత్తది రాసేస్తుంది.

ఇక సలహాలరాయుళ్లు. వీళ్ల మందు ఒక్కటే, డిస్కులో తప్పులు వెతికి సరిచేసే చెక్‌డిస్క్. లోపల దెబ్బతిని టిక్ టిక్‌మంటున్న డిస్కు మీద దాన్ని పరిగెత్తించడమంటే గుండెపోటు వచ్చినవాణ్ని మెట్లెక్కించడం. ఆ చప్పుడు వినపడితే వెంటనే తీగ పీకేయాలి, అంతే. డిస్కును ఫ్రీజర్‌లో పెట్టమనేవాడు ఇంకొకడు. వాణ్నే పెట్టాలి.

సాయంత్రానికి అన్నీ ఇంకో డిస్కులోకి కాపీ చేశాను. ఇక తీసేద్దామని ఎజెక్ట్ నొక్కితే కొత్త పెట్టె వచ్చింది: ఈ పరికరం ప్రస్తుతం వాడుకలో ఉంది, తర్వాత ప్రయత్నించండి.

పొద్దున ఎవరో తెలియదంది. ఇప్పుడు వదలనంటోంది.